ఇంకొక్క బండి పోనీ

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో నాకో ఉద్యోగం ఉండేది... గోడ గడియారాన్ని కనిపెట్టుకుని కూర్చోవడం.

ప్రతి రెండు గంటలకూ పక్క గల్లీకి పరుగెత్తి నాయినను పిలుచుకు రావాలి. నాయిన మేస్త్రీ. అవ్వ కోసమే ఆ ఎండాకాలం దూరపు పనులు వదిలేసి, పక్క గల్లీలో ఇల్లు కట్టే పని ఒప్పుకున్నాడు.

అవ్వ అంటే నాయిన వాళ్లమ్మ. బోరింగు దగ్గర జారిపడి నడుము దెబ్బతింది. నడుము కింద పట్టు పోయింది, స్పర్శ పోయింది. అప్పటి నుంచి మంచమే... దవాఖానా నర్సమ్మ వచ్చి చూసి ఒక మాట గట్టిగా చెప్పి పోయింది. "రెండు గంటలకోపాలి పక్క మార్చుండ్రి. లేకుంటే ఒళ్లు పుండ్లయితది."

పక్కకు తిరగడానికి 'ఒత్తిగిలడం' అనే మాట ఉందని ఈ మధ్యే కాలేజీ లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివాను. ఎంత మెత్తటి మాటో! రెండు రోజులు నోట్లోనే పెట్టుకుని తిరిగాను. కానీ మా ఇంట్లో ఆ పని అంత మెత్తగా ఉండేది కాదు. అవ్వ కింద పాత నేతచీర నాలుగు మడతలు వేసి పరిచేవాళ్లం. ఒక అంచు నాయిన పట్టుకునేవాడు, ఒక అంచు నేను. "ఆ... గుంజు" అనగానే ఇద్దరం ఒక్కసారే లాగాలి. తర్వాత వీపు వెనక బొంత, మోకాళ్ల నడుమ దిండు. అమ్మ పొద్దున కంపెనీకి పోతే సాయంత్రానికి గానీ వచ్చేది కాదు కాబట్టి, పగలంతా ఆ రెండో అంచు నాదే.

మంచం ఇంటి వెనక గోడకు ఆనించి ఉండేది. ఒక పక్కకు తిప్పితే తలుపు... ఇంకో పక్కకు తిప్పితే గోడ.

తలుపు వైపు ఉంటే అవ్వకు దారి కనిపించేది. ఆ దారినే ఆడవాళ్లు ఆకుకూరల తోటలకు పోయేవాళ్లు. అవ్వ ఏళ్ల తరబడి వాళ్లతో కలిసి పాలకూర కోసిన మనిషి. ఎవరూ ఆగకుండా పోయేవాళ్లు కాదు.

"ఏం లచ్చవ్వా, పండుకొనే రాజ్యం ఏలుతున్నవా?" అని అరిచేది అవ్వ జోడీ ఎంకవ్వ.

"నీకేందే, కాళ్లున్నయని తిరుగుతున్నవ్. రా, నా మంచంల నువ్వు పండు, నీ కాళ్లు నాకియ్యి."

దారి పొడవునా నవ్వులే...

గోడ వైపు తిప్పితే మాత్రం అవ్వ మాట్లాడేది కాదు. రాలిన సున్నం పెచ్చులను చూస్తూ ఉండేది.

అందుకే తలుపు వైపు ఉన్నప్పుడు నేను లేవబోతే గౌను కొస పట్టుకునేది. "అప్పుడే అయిపాయెనా పోరీ? ఇంకొక్క బండి పోనీ." మా ఇంటి వెనక ఖాళీ జాగా, దాని అవతల రైలు పట్టాలు. అవ్వకు గడియారం చూడరాదు, రైళ్ల చప్పుడే ఆమెకు కాలం. ఒక బండి పోయేది... నేను మళ్లీ లేచేదాన్ని.

"అది గూడ్సు బిడ్డా. గూడ్సు లెక్కల రాదు."

నేను కూర్చుండిపోయేదాన్ని. గోడ వైపు ఉన్నప్పుడేమో గంటన్నరకే పరుగు తీసేదాన్ని. పనిలో ఉన్న నాయినకు టైము తెలిసేది కాదు, నా మాటే గడియారం. అవ్వను సంతోషపెడుతున్నానని ఎంత గర్వమో నాకు...

ఒక ఆదివారం అమ్మ అవ్వ ఒళ్లు తుడుస్తూ చెయ్యి ఆపేసింది. తలుపు వైపు తిరిగినప్పుడు కింద పడే తుంటి మీద, రూపాయి బిళ్లంత మేర తోలు లేచి ఎర్రగా ఉంది. అవ్వకు నొప్పి కూడా తెలియలేదు.

"టైముకే పిలుస్తున్నవా లేదా?" అని నాయిన నన్ను అడిగాడు.

"దాన్నేమనకు. నేనే ఆపిన," అంది అవ్వ.

"ఎందుకే అమ్మా? జర సేపు గోడ దిక్కు పంటె ఏమైతది?"

"నువ్వు పండు, తెలుస్తది. గోడను జూసుకుంట ఎన్నొద్దులు బతకాల్రా? పుండైతే కానియ్యి... మందిని జూడనియ్యి నన్ను."

తెల్లారి నాయిన పనికి పోలేదు.

అవ్వను వాకిట్లో ఇంకో మంచం మీదికి మార్చాం. ఖాళీ అయిన ఆమె మంచం మీద నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. తర్వాత చెయ్యి చాపి, తన కళ్లకు ఎదురుగా గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. లేచి సుత్తె, ఉలి అందుకున్నాడు.

"ఇల్లు గూలగొడ్తున్నవా ఏంది!" కంపెనీకి బయల్దేరుతున్న అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అరిచింది.

"కిటికి వెడ్తున్న."

"గంత కిందికా?"

"పండుకున్నోళ్లకు."

మర్నాటి సాయంత్రం అవ్వను గోడ వైపు తిప్పాం... కాదు, కిటికీ వైపు. బండి వచ్చింది. అది పోయేదాకా అవ్వ రెప్ప వేయలేదు. "ఓ పోరీ! అండ్ల కూసున్న ఆయన నన్నే జూసిండే," అంది. అంత దూరం నుంచి ఎవరు చూస్తారు? అయినా నేను అవునన్నాను.

అమ్మ రోజూ కడిగి మందు రాస్తే, ఆ పుండు మానేసరికి వానాకాలం సగం అయిపోయింది. నేను మళ్లీ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. అవ్వ ఆ తర్వాత రెండేళ్లు ఉంది.

ఇప్పుడు గాలి పరుపులు వచ్చాయి. తల వైపు లేచే మంచాలు మా దగ్గర మేడ్చల్‌లో కిరాయికి కూడా ఇస్తున్నారు. మంచిదే... అవి అప్పుడుంటే నా వల్ల అవ్వకు ఆ పుండు అయ్యేది కాదేమో. మా వెనక ఖాళీ జాగా ప్లాట్లయింది. కిటికీ ముందు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా మూడంతస్తుల ఇల్లు లేచింది. బండి చప్పుడు వినిపిస్తుంది గానీ బండి కనిపించదు.

కొత్తగా ఇంటికి వచ్చినవాళ్లు ఆ కిటికీని చూసి, మేస్త్రీ ఇంట్లోనే కొలత తప్పిందని నవ్వుతారు. నాయిన కూడా వాళ్లతో పాటు నవ్వి ఊరుకుంటాడు. నాకు మాత్రం చెప్పాలనిపిస్తుంది... అది తప్పిన కొలత కాదు, మా అవ్వ కళ్ల ఎత్తు అని.

మీ ఇంట్లో కూడా మంచం దిగలేని పెద్దవాళ్లు ఉండి ఉంటే, ఆ మంచం మీది నుంచి వాళ్లకు ఏం కనిపించేదో రాయండి... నాకు చదవాలనుంది.