అల్పుణ్ణి, అనర్హుణ్ణి

కెనడాలోని విండ్సర్‌లో మా తెలుగు సంఘానికి అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడు, రిటైరైన ఒక డాక్టర్ గారి ప్రచారం నా నెత్తిన పడింది. నాకున్న అర్హతల్లా కంప్యూటర్లో తెలుగు టైప్ చేయడం రావడమే. ఆయన భార్య, మా అందరికీ ఆంటీ, నన్ను సాగనంపడానికి కారు దాకా వచ్చారు. "ఎలాగైనా గెలిపించు బాబూ. ప్రాక్టీస్ మానేశాక ఈయనకి ఫోన్ మోగిందంటే అది స్పామ్ కాలే. మనిషి డల్ అయిపోతున్నారు," అన్నారు.

ఆ రోజు నుంచి మా మధ్య ఈమెయిళ్ల రాయబారం మొదలైంది. నేను "మన డాక్టర్ గారు సమర్థులు" అని రాసి పంపితే, "సొంత డబ్బా వద్దు" అని కొట్టేసేవారు. ప్రత్యర్థి పేరు పక్కన నేనొక "గారు" పెడితే, ఈయన ఆ పేరుకి ముందు "పెద్దలు" కూడా చేర్చేవారు. ఈయన ఎవరికి ప్రచారం చేస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. చివరికి సభ్యులకు పంపే విజ్ఞప్తి తానే రాశారు: "నేను అల్పుణ్ణి, అనర్హుణ్ణి. పోటీలో ఉన్న పెద్దలు నాకంటే అన్నివిధాలా సమర్థులు. మీ అందరి బలవంతం మీద నిలబడుతున్నాను."

తెలుగువాడికి దీని అర్థం తెలుసు: నాకే వేయండి అని. పెళ్లి పంక్తిలో "చాలు చాలు" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టడం లాంటిదే. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకు ఓటు వచ్చింది గానీ తెలుగు చదవడం రాలేదు. వాళ్ల కోసమని నేను లంచ్ టైములో దాన్ని మక్కీకి మక్కీ ఇంగ్లీషులో పెట్టి పంపేశాను.

గంట తిరక్కుండా ఒక అమ్మాయి జవాబిచ్చింది: "సో ఆనెస్ట్, అంకుల్! ఐ విల్ వోట్ ఫర్ ది అదర్ అంకుల్, దెన్." పిల్ల మాట మీద నిలబడే రకం. మిగతా పిల్లలూ అదే రకమని ఓట్లు లెక్కపెట్టిన రోజు తెలిసింది.

సిగ్గుతో చచ్చిపోతూ క్షమాపణ రాశాను. మర్నాడు జవాబొచ్చింది. "గెలిచినవారు యోగ్యులు, ఇందులో మీ తప్పేమీ లేదు" అంటూ ఆయన ధోరణిలోనే ఉంది. సంతకం కింద మాత్రం ఇంకో ముక్క రాశారు: "నాకు ఆ పదవి కావాలనే ఉండేది బాబూ. చాలా కావాలని ఉండేది. ఎవరైనా ఒకసారి సూటిగా అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో."

ప్రచారమంతా నడిపిన నేనూ అడగలేదు.