తల్లిగారింటి బియ్యం

జనగామలో మా ఎదురింటి అవ్వ పోయిందని పోయిన వారం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను మహబూబాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. అవ్వకు పిల్లలు లేరు. ఆమెను చూసుకునే మరిది కొడుకే ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ పొద్దుగాల చాయ్ తాగింది. జరసేపు ఒరుగుత అన్నది. గంతే" అన్నాడు.

ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి ఒకటే మాట వచ్చింది. "నర్మెట్ట దిక్కు చెప్పినవా?"

"మొదలు వాళ్లకే చెప్పిన అక్కా. పోయినసారి లెక్క కానిస్తనా?"

నర్మెట్ట అవతలి పల్లె అవ్వ తల్లిగారి ఊరు. పోయినసారి, అంటే ఆమె భర్త పోయినప్పుడు, ఆ ఊరికి కబురు పోలేదు. దానివల్ల ఏం జరిగిందో చెప్పకపోతే అవ్వను గురించి ఎంత చెప్పినా తక్కువే.

అవ్వ కోరుకున్నది చిన్న విషయం. తల్లిగారింటి నుంచి ఒక్కసారి ఒడిబియ్యం రావాలి. పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకొకసారి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, చీర తెచ్చి ఒడి నింపుతారు. ఆమె ఆ బియ్యం వండి వాడకట్టును పిలిచి పెడుతుంది. నీకు ఒక ఇల్లుంది, ఆ ఇల్లు నిన్ను మరువలేదు అని నలుగురికీ తెలిసేది అలాగే. మా తమ్ముడు నాకు పోసిన ప్రతిసారీ అవ్వ వచ్చి, బియ్యం గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసేది. "మంచిగ పట్టింది పసుపు" అనేది.

భర్త ఆమెను ఆటపట్టించేవాడు. "గంత మనసైతే నేను పోస్త తియ్యి, కొంగు పట్టు."

"మొగడు పోస్తే అవి వంటబియ్యం అయితయి. పో, పొయ్యి మీద ఎసరు మసులుతున్నది, ఆ ఎసట్ల పొయ్యి" అనేది అవ్వ.

పెళ్లయ్యాక ఆ రోజుల్లో నేను ఇంట్లోనే ఉండి దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాను. మధ్యాహ్నం పనులయ్యాక సమాజశాస్త్రం పుస్తకం పైకి చదివితే అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. సంస్కృతి ఎవరికీ పుట్టుకతో రాదు, పెద్దల నుంచి నేర్చుకుంటాం అని ఒకరోజు చదివాను.

"నేర్చుకున్నది మల్ల మర్శిపోవచ్చునా బిడ్డా?" అని అడిగింది.

పుస్తకంలో అది లేదు. లేదన్నాను. "అయితె రాసేటోళ్లకు చెప్పు" అని నవ్వింది.

పుట్టుకతో అంటగట్టే అంతస్తు గురించిన పాఠం చదివిన రోజు మాత్రం నవ్వలేదు. తన కథ చెప్పింది. వాళ్ల ఊరి దొర తన బిడ్డను రఘునాథపల్లి దిక్కు ఇంకో దొర గడీకి ఇచ్చాడు. పెళ్లికూతురి వెంట, చాకిరీకి, ఊళ్లోని ఒక పేదపిల్లను పంపేవారు. ఆడబాప అనేవారు. ఆ ఏడు పంపిన పిల్ల అవ్వ. దొరసానికి ఒడిబియ్యం వచ్చినప్పుడల్లా ఆ గంప అవ్వ నెత్తిమీదే లోపలికి పోయేది. "ఆమె తల్లిగారూరు, నా తల్లిగారూరు ఒక్కటే గద బిడ్డా. మా ఊరి బియ్యం మోసేది నేను, ఒడి ఆమెది" అన్నది.

తర్వాత దొరల మీద తిరగబడి సంఘం లేచింది. ఆ గడీ దొర పట్నం పారిపోయాడు. అంతవరకు గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన జనం చెప్పులేసుకుని నడిచారు. "ఒక ముసలాయన ఏసుకున్నడు గని, అడుగడుగుకు ఎనుకకు మర్లి చూసుడే. గడీల కుక్క గూడ లేదు. అయినా చూసుడే!" అని చెప్పి అవ్వ పడీపడీ నవ్వేది. ఆమె కూడా ఎవరివో పెద్ద చెప్పులు అడిగి తొడుక్కుని గడీ ముందు అటూ ఇటూ నడిచిందట.

సంఘం వాళ్లు ఆమెను ఇంటికి తీసుకుపోయారు. కాని సొంత ఊళ్లో దొర మనుషులు ఇంకా కదల్లేదు. తండ్రి వాకిట్లోనే నిలబడి చెంబుతో నీళ్లిచ్చాడు. తాగాక చెంబు తీసుకున్నాడు. లోపలికి రమ్మనలేదు. తల్లి తలుపు వెనక ఉందని గాజుల చప్పుడు వల్ల తెలిసిందట. తమ్ముడు అప్పటికి చిన్నవాడు.

సంఘం వాళ్ల ఇంట్లోనే ఆమె పెరిగింది. వాళ్లే ఆ గుంపులోని ఒక మనిషికి ఇచ్చి పెళ్లి చేశారు. మిలిటరీ వచ్చింది, ఆయన అడవుల్లో తిరిగాడు, తిరిగొచ్చాడు, జనగామలో కాపురం పెట్టారు. తల్లిగారి గడప మాత్రం ఆమె మళ్లీ తొక్కలేదు.

ఆయన పోయినప్పుడు మరిది కొడుకు చుట్టాలందరికీ కబురు చేశాడు. అవ్వకు కూడా ఒక పుట్టిల్లుందని ఎవరికీ తట్టలేదు. ఆ ఇంటి మనిషి ఈ వాకిట్లో కనబడితే కదా తట్టడానికి.

దినాలు ముగిసిన కొద్దిరోజులకు ఎదురింటి ముందు ఆటో ఆగింది. పెద్దవయసు మనిషి దిగాడు. చేతుల్లో గుడ్డ కప్పిన గంప, దాని మీద చీర. "అక్కా" అని పిలిచాడు. నేను మా గేటు దగ్గరే ఉన్నాను.

అవ్వ బయటికొచ్చింది. ఆయన ఆమె బోసినొసలు చూశాడు. గంప నెమ్మదిగా కింద పెట్టాడు.

"బావ?"

"పోయిన నెల."

"నాకు చెప్పలే అక్కా?"

"నీకు చెప్పాలెనని ఎవరికి ఎరుక తమ్మీ?"

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "బాపు ఉన్నన్ని దినాలు బాపుకు భయం. బాపు పోయినంక నాకు సిగ్గు. ఏ మొకంతోని రావాలె? మొన్న మనుమరాలికి ఒడిబియ్యం పోస్తుంటే చెయ్యి సాగలే. అందుకే వచ్చిన" అన్నాడు.

మన దగ్గర భర్త పోయిన ఆడమనిషికి ఒడిబియ్యం పొయ్యరు. నేను ఊరుకోలేకపోయాను. "పొయ్యండి తాతా, ఎవరేమంటరు? అవ్వా, కట్టుబాట్లు మనుషులు పెట్టుకున్నయే గద, మనం చదివినం గద" అన్నాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "చెప్పుల రివాజు దొర పెట్టిండు. ఇడిశిపెట్టిన. గిది మా అమ్మ నేర్పింది బిడ్డా. నన్ను పంపకముందు మా అమ్మ నేర్పినయి నాలుగే ముచ్చట్లు. అవి గూడ ఇడుస్తే అమ్మది నా కాడ ఏమున్నది?"

నేను గంప ఎత్తి అరుగు మీద పెట్టాను.

ఇంటి గడపకు వచ్చిన బియ్యం వెనక్కి పోకూడదు. అవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టింది. "ఈమె నా బిడ్డ. మేనమామవు, నువ్వు పొయ్యి" అన్నది. ఆయన దోసిళ్లతో నా కొంగులో పోశాడు. ఆమె దూరంగా గోడకు ఆనుకుని నిలబడి, "కుడుకలు మీద పెట్టు. ఖర్జూరాలు మర్శినవ్. గట్లనా పోసేది, మెల్లగ" అని చెబుతూనే ఉంది. ఎన్నో బరువులు మోసినదాన్నే, అయినా ఆ ఒడి పట్టుకుని లేవడం కష్టమైంది. మరునాడు వండి వాడకట్టుకంతా పెట్టాను. అవ్వ తిని, "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నది.

ఆ తర్వాత అవ్వ తమ్ముడు వస్తూ పోతూ ఉన్నాడు. సీతాఫలాలు తెచ్చేవాడు, పెసర్లు తెచ్చేవాడు. ఒడిబియ్యం తేవడానికి ఇక దారి లేదు. ఒక్క నెల ముందు వచ్చి ఉంటే ఎట్లా ఉండేదో అని ఇద్దరూ అనుకుని ఉంటారు.

పోయిన వారం ఫోన్ అందాక నేను రైలు దిగి వచ్చేసరికి ఆయన అప్పటికే చేరుకున్నాడు. కర్ర ఊతంతో నిలబడ్డాడు. చివరి చీర తల్లిగారిదే కప్పాలి కాబట్టి ఆయన తెచ్చినదే కప్పారు. ఒక్కొక్కరం వంగి అవ్వ నోటి దగ్గర నాలుగు గింజలు వేశాం. ఆయన వంతు వచ్చింది. రుమాలు మూట విప్పి గుప్పిట తెరిచాడు. మావన్నీ తెల్ల బియ్యం. ఆయనవి పసుపు బియ్యం.

నోటి దగ్గర వెయ్యలేదు. చీర మడత సర్ది, ఒడిలో పోశాడు. "మెల్లగనే పోస్తున్న అక్కా" అన్నాడు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

పాడె లేపినప్పుడు కొన్ని గింజలు జారి వాకిలి బండల సందుల్లో పడ్డాయి. ఆ తర్వాత నీళ్లు చల్లి వాకిలి కడిగారు. అయినా పొద్దున ముగ్గు వేయడానికి గేటు తీస్తే, ఎదురుగా ఆ సందుల్లో పసుపు రంగు ఇంకా కనబడుతూనే ఉంది.