ఊటకాడి ఇల్లు

తుంగభద్ర కాలువకు కొత్తగా నీళ్ళు వదిలిన రోజులు. బళ్ళారి వెళ్తుంటే బస్సు మోక అనే ఊళ్ళో చెడిపోయింది. ఎండకు డస్సిపోయి తుమ్మచెట్టు కింద కూలబడ్డాను. పక్కన ఒక ముసలి రైతు, ఆయన పక్కన స్పెయిన్ నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న తెల్లగడ్డం పాదిరి.

"మీ ఇంటిపేరేంది సామీ?" అని రైతు అడిగాడు.

"ఇతుర్బురు. స్పెయిన్‌లో మా బాస్క్ జాతివాళ్ళకూ ఇంటిని బట్టే పేరు. ఊటకాడి ఇల్లు అని అర్థం," అన్నాడు పాదిరి. "ఇల్లు యుద్ధంలో కాలిపాయ. తమ్ముళ్ళూ పోయిరి. ఆ పేరుకు నేనొక్కడినే మిగిల్నా. నాకా, పెండ్లి లేదు."

 చివరికి బస్సు బాగయింది. రైతు ముందెక్కి కిటికీ పక్క సీటు చూపించాడు. "ఊటకాడి సామీ, ఈడ కూసోండి."

పాదిరి కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇంగొక తూరి అట్లా పిలువప్పా," అన్నాడు.