బరువుకొక దారి, దెబ్బకొక దారి

మా ఉస్తాద్ పోయారు. మొన్న పొద్దున చిక్కడపల్లి నుంచి ఆయన కోడలు ఫోన్ చేసి, "మామ పోయిండు అక్కా" అని, "కార్లోళ్లకు జర మీరే చెప్పుండ్రి" అంది. అందరి నంబర్లూ నా దగ్గరెక్కడివి? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సందులోని ఆయన రేకుల షెడ్డుకు రిపేరుకని బండి తెచ్చినవాళ్లకు తెలుసు, పానా పట్టుకునే ముందు ఆయన బండి మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. నేను గీసిన కాగితాలు ముట్టుకోవాలంటే మాత్రం సబ్బుతో చేతులు కడుక్కునేవారు. అంత మర్యాదా చేసి, "కంప్యూటర్ల గీస్తే కారు మాట ఇంటదా బిడ్డా?" అని దెప్పేవారు. నాకు ఒళ్లు మండేది. మెకానికల్ ఇంజినీర్ని కదా, పొగరు.

అశోక్‌నగర్‌లో మా ఇంటి కింద నేనూ తమ్ముడూ ఒక పాత స్పోర్ట్స్ కారును రేసుకు సిద్ధం చేశాం. ముందు చక్రాల పైన, స్ప్రింగూ షాకబ్జర్వరూ కలిసి బాడీకి బిగిసే చోట మామూలుగా రబ్బరు దిమ్మ ఉంటుంది. రేసులో ఆ మెత్తదనం వద్దని దాన్ని తీసేసి, మధ్యలో బేరింగు ఉన్న గట్టి ప్లేటు నేనే గీసి చేయించాను. మర్నాడే రేసు, కారు నడిపేది తమ్ముడు. ఉస్తాద్ చేత శభాష్ అనిపించుకుందామని తీసుకెళ్లాం, అంతే.

ఆయన ఆ కారు నడుపుకుంటూ నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కి దిగి వచ్చారు. వస్తూనే తాళం చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఈ బండి పోదు."

"బండిని రేసుకు తీస్కపోను సాయంత్రం ట్రక్కొస్తది ఉస్తాద్! తాళం ఇయ్యుండ్రి," తమ్ముడు గొంతు పెంచాడు.

"లెక్కలన్నీ రెండుసార్లు చూసుకున్న," అన్నాను నేను. తాళం కోసం చెయ్యి చాపాను.

ఆయన బానెట్ ఎత్తి, నా అరచేతిని ఆ ప్లేటు మీద అదిమిపెట్టారు. తమ్ముడితో, "స్టీరింగ్ తిప్పురా" అన్నారు.

టక్. చేతికి తగిలింది. మళ్లీ తిప్పితే మళ్లీ టక్.

స్ప్రింగును నొక్కి కట్టేసి ప్లేటు విప్పారు. బేరింగు కూర్చున్న చోట వెంట్రుకంత పగులు, సగం చుట్టూ పాకింది.

"స్ప్రింగు బరువు మోస్తది, షాకప్ గుంతల దెబ్బ తింటది. రెండింటిని గీ ఒక్క బేరింగు మీద కూసోబెట్టినవ్. బరువుకొక దారి, దెబ్బకొక దారి ఇయ్యాలె బిడ్డా."

నిజమే. బరువుకు విడిగా, దెబ్బకు విడిగా లెక్క కట్టాను. రెండూ ఒకేచోట పడతాయన్న సంగతే వదిలేశాను. అమ్మో, ఆ వేగంలో, మలుపులో, తమ్ముడి చేతుల్లో అది విరిగి ఉంటే? అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. చాయ్ తెప్పించి, "కొత్తది గియ్యి" అన్నారు.

ఆ రేసు మాకు తప్పిపోయింది. కొత్త ప్లేటులో స్ప్రింగు బరువు అంచు నుంచి నేరుగా బాడీకి పోయేట్టు, మధ్య బేరింగు మీద షాకబ్జర్వర్ దెబ్బ ఒక్కటే పడేట్టు గీశాను. ఆయన చాలాసేపు చూసి, ఈసారి దెప్పలేదు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న ఆయన పాడె ముందు కొమ్ము మోసింది మా తమ్ముడే. సందు చివర రోడ్డు తవ్వి గుంతలుగా వదిలేశారు. అక్కడికి రాగానే వాడు నడక తగ్గించి, మోకాళ్లు వంచి, భుజాన్ని మెల్లగా కిందికి దించాడు. పాడె మీద ఉస్తాద్ తల కదల్లేదు.