చెదలు తినని పుట

ఒక మనిషి పేరు నోట్లో పెట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా తిరుగుతున్నాను. మింగలేను, ఉమ్మలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పగలిగే ధైర్యం నాకే ఉంటే అసలిదంతా జరిగేది కాదు.

పశ్చాత్తాపం లాంటి పెద్ద మాట వాడను. అలసిపోయాను, అంతే.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేను కోయిలకుంట్ల తాలూకా కచేరీలో పాత రికార్డులు చూసే గుమాస్తాను. వెనకవైపు చీకటి గది, గోడల పొడవునా చెక్క బీరువాలు, గుడ్డలో చుట్టిన కట్టలు. తాతల పేర్లు కావాలనీ, పుట్టిన తేదీ కావాలనీ జనం వచ్చేవారు. ఎక్కువమంది భూమి తగాదాల కోసం. వెతికి ఇచ్చేవాణ్ణి. ఆ పనిలో నాకు మంచి పేరే ఉండేది.

ఒక వేసవిలో కడప నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటుంది. పేరు ఖాసింబీ అని చెప్పింది. పాత్రలకు కళాయి పోసేవాళ్ళ ఇంటి మనిషి. ప్రొద్దుటూరులో బస్సు మారి వచ్చానంది. పెంచిన తండ్రి పోయే ముందు ఆమెను దగ్గరికి పిలిచి ఒక సంగతి చెప్పాడట. ఆమె తన కడుపున పుట్టలేదనీ, పెద్ద కరువులో ఈ తాలూకాలో రోడ్డు పని జరిగిన చోట తెచ్చుకున్నాననీ, ఆ రోజు సర్కారువాళ్ళు పుస్తకంలో ఏదో రాసుకున్నారనీ. ఆ పుస్తకం ఉందా అని అడగడానికి వచ్చింది. చిన్నప్పుడు తనను ఓబులి అని పిలిచేవాళ్ళన్నది తప్ప ఆమెకు ఇంకేమీ గుర్తులేదు.

ఓబులమ్మలు మా వైపు ఇంటికొకరు. నాకేమీ తోచలేదు. వారం తర్వాత రమ్మన్నాను. నిజంగానే వెతికి పెడదామనుకున్నాను. ఈ ఒక్క మాట నమ్మండి.

మూడు రోజులు వెతికాను. నాలుగో రోజు దొరికింది. కరువు పనుల దగ్గర దిక్కులేని పిల్లల్ని ఎవరికి అప్పగించారో రాసిన సన్నటి పుస్తకం. అంచులు చెదలు కొరికాయి గానీ లోపల అక్షరం చెడలేదు. ఓబులమ్మ, వయసు అయిదు, ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ. పోషించే శక్తి లేనందున తండ్రి తన ఇష్టపూర్వకంగా అప్పగించడమైనది. కింద వేలిముద్ర. పక్కన తండ్రి పేరు, ఊరు.

అది మా నాన్న పేరు. మా ఊరు.

నాకొక అక్క ఉండేదని నాకు తెలుసు. కరువులో పోయిందని తెలుసు. అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. కుందూ ఎండిపోయి, ఊళ్ళో గింజ లేక, అమ్మానాన్నా రోడ్డు పనికి పోయారు. నేను చంటివాణ్ణి. అక్కడ అమ్మకు వాంతిభేది తగిలి ఆరు రోజులు ఒళ్ళు తెలియలేదు. తెలివొచ్చాక అక్క కోసం అడిగితే, ఆమెకూ అదే జబ్బు వచ్చి పోయిందనీ, అందరితోపాటు పూడ్చామనీ నాన్న చెప్పాడు. నాన్న మాటలు తక్కువ మనిషి. నాకు పదేళ్ళప్పుడు పోయాడు. ఆ నిజం తనతోనే పట్టుకుపోతున్నాననుకున్నాడు కాబోలు. సర్కారు దగ్గర వేలిముద్ర మిగిలిపోయింది.

ఆ పుస్తకం ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. నాన్న మీద కోపం వచ్చిందా? లేదు. పెళ్ళాం చావుబతుకుల్లో ఉంది, చేతిలో ఇద్దరు పిల్లలు, తిండి లేదు. ఒక పిల్లయినా బతకాలనుకున్నాడు. ఆయన్ను నేను అప్పుడే అర్థం చేసుకున్నాను. మరి నన్ను నేను?

నాకు ముందుగా వచ్చిన ఆలోచన అక్క బతికుందని కాదు. ఆమె మా ఇంటి వాకిట్లో నిలబడితే ఏమవుతుందని. తురకల ఇంటి మనిషి నాకు తోడబుట్టిందని తెలిస్తే మావాళ్ళేమంటారు, నా భార్య పుట్టింటివాళ్ళు మా ఇంట్లో నీళ్ళు తాగుతారా, ఊళ్ళో నన్నెవరు పిలుస్తారు. ఇవీ నా ఆలోచనలు. ఆ తర్వాతే అమ్మ గుర్తొచ్చింది. అమ్మకు చెబితే మొగుడు అబద్ధమాడాడని తెలిసి గుండె పగులుతుంది కదా అనుకున్నాను. అమ్మను కాపాడుతున్నానని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. కానీ వరస అది కాదు. ముందు నా పరువు. అమ్మ నాకు దొరికిన సాకు.

చెప్పిన రోజుకే ఆమె వచ్చింది. కొంగు సర్దుకుంటుంటే మోచేతి కింద మచ్చ కనబడింది. నేను కాగితాల్లోకి తల దించుకున్నాను.

“దొరికిందా అయ్యా?”

“లేదమ్మా. ఆ కరువునాటి కట్టను చెద తినేసింది.”

“అంతా తినిందా? ఒక్క పేజీ గూడా మిగల్లేదా?”

“లేదు.”

ఆమె నాపరాతి గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

“నాకు ఆస్తి గీస్తి ఏం వద్దయ్యా. మాది మాకు ఉండాది. మాయమ్మ యాడన్నా ఉంటే ఒక్కసారి చూసి పోదామని వచ్చినా. ఎందుకిచ్చినారని గూడా అడగను. ఆమె మొగం శానా గుర్తు చేసుకుంటాండా, రావడంల్యా.”

అప్పుడైనా చెప్పొచ్చు. మా ఇల్లు అక్కడికి నాలుగు వీధులు. నేను వేరే మాట అన్నాను.

“మీయమ్మ ఉండదులేమ్మా. ఆ కరువులో శానామంది పోయినారు.”

“పోయిందంటావా?”

“పోయే ఉంటాది.”

“అట్లయితే ఇంగ తిరిగే పని ల్యా,” అని వెళ్ళిపోయింది.

పుస్తకం దొరకలేదనడం ఒక అబద్ధం. బతికున్న తల్లిని చచ్చిపోయిందనడాన్ని ఏమనాలి? నాకిప్పటికీ మాట దొరకలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను. అమ్మ వసారాలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. ఎందుకు ఆలస్యమైందని అడిగింది. కచేరీలో పని అన్నాను. సంగటి పెట్టింది. తిన్నాను.

ఆ నెలలోనే పనికిరాని కట్టల జాబితా తయారుచేయమన్నారు. ఆ సన్నటి పుస్తకాన్నీ అందులో రాశాను. అధికారి చూడకుండానే సంతకం చేశాడు. కచేరీ వెనక చింతచెట్ల కింద మిగతా కట్టలతోపాటు కాల్చేశారు. నేను దగ్గరుండి చూశాను. అది నా ఉద్యోగం కూడా.

ఇక తీరిపోయిందనుకున్నాను. తీరలేదు. ఏటా పెద్దల అమావాస్యకు అమ్మ చనిపోయినవాళ్ళకు బట్టలు పెట్టేది. నాన్నకు పంచె, అక్కకు చిన్న పావడ గుడ్డ. అయిదేళ్ళ పిల్లకు సరిపోయేంతే. ఆ గుడ్డ కొని తెచ్చేది నేను. అంతకుముందూ తెచ్చాను, తెలిశాకా తెచ్చాను. అంగడివాడు పిల్లకెన్నేళ్ళని అడిగితే, అయిదు అని చెప్పాను. బతికున్న బిడ్డకు అమ్మ చచ్చినవాళ్ళతోపాటు గుడ్డ పెడుతుంటే పక్కన నిలబడి దండం పెట్టాను. మూడేళ్ళు అలా పెట్టాను.

నాలుగో ఏడు అమ్మ మంచం పట్టింది. చివరి రోజుల్లో ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, ఓబులి కాడికి పోతాండా నాయనా అంది. ఆమె ముఖంలో సంతోషం కనబడింది. ఓబులి అక్కడ లేదమ్మా, కడపలో ఉంది, బస్సెక్కితే రేపటికి వస్తుంది. ఈ వాక్యం నా గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత అంత సులువుగా రాయగలిగాను, చూడండి. ఆ రోజు మాత్రం, పో అమ్మా, అన్నాను. రెండు రోజులకు పోయింది.

ఏడాది తిరిగాక కడపకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? చెప్పేయడానికే అనుకున్నాను. ఇప్పుడు భయపడాల్సినంత ఏముంది, అమ్మ లేదు కదా అనుకున్నాను. దాన్నిబట్టి చూస్తే, అమ్మ బతికినన్నాళ్ళూ నేను భయపడింది అమ్మను చూసేనేమో. అదీ తేల్చుకోలేను.

కళాయి పోసేవాళ్ళ వీధి కనుక్కున్నాను. గడ్డం నెరిసిన ఒకాయన కొలిమి తిత్తి ముందు కూర్చుని రాగి బిందె తిప్పుతున్నాడు. ఖాసింబీ ఇల్లెక్కడని అడిగాను. ఆయన బిందె పక్కన పెట్టాడు.

“ఆమె పోయి ఆర్నెల్లాయప్పా. కామెర్లు. నేను ఆమె ఇంటాయన్ని. మీరెవరు?”

కోయిలకుంట్ల కచేరీ నుంచి వచ్చానన్నాను. ఆయన లేచి, చేతులు తుడుచుకుని నాకు పీట వేశాడు. లోపలికి కేకేసి టీ తెప్పించాడు. ఆయన నాకు బావ అవుతాడు. ఆ పీట మీద కూర్చుని నేను అదే అనుకుంటున్నాను, బావ, బావ అని. చేతికిచ్చిన టీ గ్లాసు అందుకున్నాను.

“మీ గురించి ఆమె శానా తూర్లు చెప్పిందప్పా. నా కోసం ఆ బూజులో వారం దినాలు ఎతికినాడు, ఎవురు ఎతుకుతారు అట్లా, అని. మీకోసం దువా గూడా చేస్తాండె.” తర్వాత అడిగాడు. “ఆ కాగితం ఏమన్నా దొరికిందా? అందుకే వచ్చినారా?”

“లేదు. ఊరికే, ఈ పక్క పని ఉండి వచ్చినా,” అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. నేను టీ తాగి, దండం పెట్టి, బస్టాండుకు నడిచి వచ్చాను. మళ్ళీ ఆ వీధికి పోలేదు.

ఆయన కూడా ఈపాటికి ఉండకపోవచ్చు. ఉన్నా, నన్ను మరిచిపోయి ఉంటాడు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగాల్సినవాళ్ళందరినీ నేను పోనిచ్చాను. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. కానీ ఆయన అడిగినదానికి జవాబు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

కాగితం దొరికింది. వెతకడం మొదలుపెట్టిన నాలుగో రోజే దొరికింది. ఖాసింబీ అసలు పేరు ఓబులమ్మ. నా అక్క. ఆమె వెతుక్కుంటూ వచ్చిన రోజున మా అమ్మ బతికే ఉంది.