ట్రక్కు మీది గదికి నాలుగు కట్లు

2006 మార్చిలో నన్ను ఉత్తర అరిజోనా భూగర్భజల సర్వేకి ఫీల్డ్ లీడ్‌గా వేశారు. అప్పటికి నేను ఫీనిక్స్‌లో ఒక పర్యావరణ కన్సల్టింగ్ కంపెనీలో ప్రాజెక్ట్ ఇంజనీర్‌ని. ఫీల్డ్ లీడ్ అంటే జీతంలో పెద్ద మార్పేమీ ఉండదు, అధికారంలో ఉంటుంది. ఏ బావి దగ్గర ఆగాలి, ఏ నమూనా పనికిరాదు, మబ్బు పట్టినప్పుడు ముందుకెళ్లాలా వెనక్కి తిరగాలా అన్నది ఆ మనిషే తేల్చాలి. అంతవరకు ఇంకొకరు ఆగమన్నచోట ఆగి సీసాలు నింపినదాన్ని నేను. ఈసారి నేను ఆగమంటే ఇద్దరు టెక్నీషియన్లు ఆగుతారు. ఆ సంతోషం దాచుకోవాలని కూడా నాకు అనిపించలేదు.

నీటి నమూనా తీసిన వెంటనే వడకట్టి చల్లగా ఉంచాలి. మేం వెళ్లాల్సిన బావులకూ దగ్గర్లోని మోటెల్‌కూ మధ్య గంటల ప్రయాణం. అందుకని కంపెనీ పాత స్లైడ్-ఆన్ క్యాంపర్ ఒకటి కొంది. పికప్ ట్రక్కు వెనక తొట్టెలోకి జరిపి కూర్చోబెట్టే చిన్న గది అది. చెక్క చట్రం, పైన అల్యూమినియం రేకు, లోపల ఫ్రిజ్, సింక్, ఒక పడక. దానికి సొంత చక్రాలు ఉండవు. నాలుగు మూలల నుంచి ట్రక్కుకు కట్టే కట్లే దానికి ఆధారం. వాటిని టై-డౌన్లంటారు. మా ట్రక్కు తొట్టె కింద అదనపు డీజిల్ ట్యాంకు ఉండటంతో బజారులో దొరికేవేవీ పట్టలేదు. ఆర్డరిచ్చి చేయించుకుంటే నెల పడుతుంది. సోమవారానికి మా సేఫ్టీ ఆఫీసర్ డోనా క్యాంపర్‌ని పాస్ చేయకపోతే సర్వే వేరే ఆఫీసుకు, అక్కడి లీడ్‌కు పోతుందని మేనేజర్ మెత్తగా చెప్పాడు. ఆయన గట్టిగా అరిస్తే ఇంకా బేరానికి చోటుండేది. మెత్తగా చెప్పాడంటే ఇక తిరుగులేదు.

మా ఆయన విజయ్ చాండ్లర్‌లో చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. యంత్రాలను నేలకు బిగించడమే ఆయన విభాగం పని. అక్కడ యంత్రం వెంట్రుకవాసి వణికినా సరుకంతా పాడవుతుంది. నా కష్టం విని ఆయన నవ్వేశాడు.

"నాలుగు కార్నర్స్ బిగించడం కూడా ఒక ప్రాబ్లమేనా కరుణా? శనివారం లంచ్‌లోపు ఫినిష్ చేసేస్తా."

చేశాడు కూడా. ట్రక్కు ఛాసిస్‌కు, అంటే అడుగు చట్రానికి, కొత్తగా రంధ్రాలు పెడితే బలం తగ్గుతుందని, ఉన్న రంధ్రాల్లోనే బోల్టులు వేసి ఇనుప పట్టీలు అమర్చాడు. క్యాంపర్ మూలల్లో తలకు ఉంగరమున్న బోల్టులున్నాయి. పట్టీకీ ఉంగరానికీ మధ్య ఉక్కు కడ్డీ వేసి, నడుమ తిప్పితే రెండు కొసలూ దగ్గరయ్యే టర్న్‌బకిల్‌తో బిగించాడు. అలాంటివి నాలుగు. ఉడుంపట్టు అంటే అదే. నేను భుజంతో నెట్టి చూశాను, ఇసుమంతైనా కదల్లేదు. ఇద్దరం మురిసిపోయాం.

లంచ్ అయ్యాక కాలువ పక్కన మట్టిరోడ్డు మీద నేనే డ్రైవ్ చేశాను. వానకు కోసుకుపోయిన గుంటలో ముందు చక్రం ఒకటి దిగగానే వెనక ఫట్‌మని చప్పుడైంది. దిగి చూస్తే వెనక మూల ఉంగరం బోల్టు అరచేతి మందాన చెక్కతో సహా ఊడి వేలాడుతోంది.

"బోల్ట్ క్వాలిటీ బాలేదు," అన్నాడు విజయ్.

"బోల్ట్ లక్షణంగా ఉందండీ. ఊడింది చెక్క," అన్నాను. కోపం కన్నా ఏడుపే ఎక్కువగా వచ్చింది. సోమవారం ఎంతో దూరంలో లేదు.

మెల్లగా ఇంటికి తెచ్చి, ట్రక్కు ముందు చక్రం ఒకదాన్ని పేవ్‌మెంట్ అంచు మీదికి ఎక్కించి వెనక నిలబడి చూశాను. సంగతి అక్కడ తెలిసింది. ఎత్తుపల్లాల్లో ట్రక్కు ఛాసిస్ కొద్దిగా మెలి తిరుగుతుంది. అలా తిరిగేటట్టే దాన్ని తయారుచేస్తారు. క్యాంపర్ మాత్రం పెట్టెలాగా బిర్రుగా ఉంటుంది. కింది ట్రక్కు ఒక మూలను లాగితే కడ్డీ సాగదు, ఉంగరం వంగదు. మిగిలింది చెక్కే.

విజయ్ నా పక్కన వంగి చూసి, "అసలు కదలనివ్వకపోవడమే కదా నా జాబ్," అన్నాడు.

కట్టు గట్టిగా ఉండాలి, కాస్త లొంగాలి కూడా. అలాంటిది ఎక్కడ దొరుకుతుందా అని తల పట్టుకుని ఇంట్లోకి వస్తే, వెనక వరండాలో మామయ్యగారు ఉయ్యాలబల్ల మీద కాఫీ తాగుతున్నారు. తెనాలి నుంచి ఆరునెలలు మాతో ఉండటానికి వచ్చారాయన. బల్లకు నాలుగు గొలుసులు, ఒక్కో గొలుసుకు పైన ఒక బలమైన స్ప్రింగు. ఆ స్ప్రింగు సాగే రకం కాదు, నొక్కుకునే రకం. లోపల రెండు ఉక్కు కొక్కేలు ఎదురెదురుగా దూరి ఉంటాయి. బరువు లాగేకొద్దీ వాటి మధ్య స్ప్రింగు నలుగుతుంది. విజయ్ తన అలవాటు కొద్దీ అవసరానికి ఎన్నో రెట్లు బరువు మోసేవి కొన్నాడు. మామయ్యగారేమో గాలి వీస్తే పట్టుకోవాల్సిన మనిషి.

"మామయ్యగారూ, ఒక్కసారి లేస్తారా?"

"ఎందుకమ్మా, ఉయ్యాలేమైనా ఊడిపోతోందా?"

"ఇప్పుడు ఊడదీస్తాం."

విషయం విన్నాక ఆయన కప్పుతో సహా లేచి మడత కుర్చీలోకి మారారు. "నీ పనికి ప్రార్థన చేస్తానమ్మా. ఈ కుర్చీ గురించి మాత్రం నేను ప్రభువుకి వేరే చెప్పుకోవాలి," అన్నారు.

ఊడిన మూలలో లోపలివైపు గట్టి చెక్కదిమ్మ, దానిమీద ఇనుప పలక వేసి బోల్టును ఇటునుంచి అటు దూర్చి బిగించాం. కడ్డీలు తీసేసి గొలుసు, స్ప్రింగు, టర్న్‌బకిల్ వరసగా తగిలించాం. ముందువి రెండూ కొంచెం ముందుకీ బయటికీ, వెనకవి రెండూ కొంచెం వెనక్కీ లాగేటట్టు పెట్టాం. తొట్టెలో రబ్బరు చాప పరిచాం. స్ప్రింగు కాస్త నలిగేవరకే బిగించి, దారిలో వదులవకుండా లాక్‌నట్ వేశాం. టర్న్‌బకిల్ ఇంకో చుట్టు తిప్పాలని విజయ్ చెయ్యి లాగుతూనే ఉంది. రెంచి నేను తీసుకున్నాను.

సోమవారం డోనా వచ్చింది. నవ్వు ఖర్చుపెట్టని మనిషి. స్ప్రింగు విరిగితే ఏమవుతుందని మొదటే అడిగింది. విరిగినా కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, క్యాంపర్ వదులవుతుందిగానీ ఊడిపోదు అని ఒకటి విప్పి చూపించాను. ఆమె క్యాంపర్ అంచు మీదా తొట్టె అంచు మీదా కలిపి సుద్దగీత గీసి, తనే స్టీరింగ్ పట్టింది. స్పీడ్‌బ్రేకర్ల మీదికి ఏటవాలుగా ఎక్కించింది, సడన్‌గా బ్రేకులు వేసింది, మళ్లీ మళ్లీ చుట్టు తిప్పింది. దిగి, వంగి చూసింది. గీత ఎక్కడా తెగలేదు. మూలల్లో చెక్క చెక్కుచెదరలేదు.

ఈ స్ప్రింగులు ఎక్కడివని అడిగింది. మా మామగారి ఉయ్యాలవని చెప్పాను.

ఆయనకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. అప్పుడు నవ్వింది. నవ్వి, పక్కనే చెయ్యి చాచి నిలబడ్డ మేనేజర్‌ను దాటి వచ్చి తాళాలు నా చేతిలో పెట్టింది. ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. మొదటి కొన్ని మైళ్లయ్యాక ఆగి కట్లు చూడాలని నేను చెప్పాను, ట్రక్కు ఆగింది.

పదవీ విరమణ దాకా ఎన్నో పరికరాలను ఎన్నో బండ్ల మీద కట్టించాను. కొత్తవాళ్లు ఎంత బిగించాలని అడిగితే, ముందు కింద ఉన్నది ఎంత కదులుతుందో చూసి రమ్మనేదాన్ని. విజయ్ మొదట కట్టిన కట్టులో లోపమేమీ లేదు. ఫ్యాక్టరీ నేలకైతే అంతకన్నా మంచి కట్టు ఉండదు. మా క్యాంపర్ కూర్చున్నది నేల మీద కాదు, ట్రక్కు మీద.