వెచ్చగా ఉంచమన్నాను

1957 వానాకాలం. మందమర్రి దగ్గర ఒక బొగ్గుగని కాలనీ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి రెండేళ్లయింది. మాది హుజూరాబాద్, నేతపని చేసే ఇల్లు. ఆ ఏడు ఫ్లూ జ్వరం కాలనీని చుట్టబెట్టింది. గనిలో దిగేవాళ్లలో సగం మంది మంచాన పడ్డారు. పొద్దున తలుపు తీసేసరికి వరండా నిండా జనమే. నాకు తినడానికి తీరిక లేదు కానీ కసురుకోవడానికి మాత్రం బోలెడంత ఉండేది. ఎవరైనా రెండో మాట అడిగితే ఇంతెత్తున లేచేదాన్ని.

ఆ వరుసలోనే లచ్చవ్వ వచ్చింది. ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది, దగ్గు, నడుము నొప్పి. వెంట అత్త పోశవ్వ. డాక్టరు గారు చూసి మాత్రలు, మిక్చరు రాశారు. మిక్చరు అంటే ఆసుపత్రిలోనే కలిపి సీసాలో పోసి ఇచ్చే మందు. అది చేతిలో పెట్టి, "చలిగాలి తగలనీయకు, వెచ్చగా ఉంచు" అన్నాను. ఎట్లా ఉంచాలో చెప్పలేదు. మా ఇంట్లో వెచ్చదనమంటే దుప్పటి. అందరికీ అంతేననుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పోశవ్వ ఖాళీ సీసాతో ఒక్కతే వచ్చింది. కోడలు పొద్దటి నుంచి నిద్రలోనే ఉందని, మందు బాగా పట్టిందని సంతోషంగా చెప్పింది. నేను సీసా నింపి పంపించేసేదాన్నే. ఎందుకో చెయ్యి ఆగింది. కడుపులో బిడ్డ కదులుతోందా అని అడిగాను. ఏమో, లేపి అడగలేదంది. జ్వరమున్న గర్భిణి పూటంతా లేవకుండా పడుకుందంటే అది మామూలు నిద్ర కాదు. ఫీటోస్కోప్ సంచిలో వేసుకుని ఆమె వెంట నడిచాను. అది చిన్న గరాటులాంటిది, పొట్టమీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు వింటాం.

క్వార్టరు తలుపు మూసి ఉంది. కిటికీకి గోనెసంచి కుక్కారు. లోపల మంచం పక్కన నిండా బొగ్గు పోసిన కుంపటి ఎర్రగా మండుతోంది. లచ్చవ్వ పెదవులు నల్లబడ్డాయి. పిలిస్తే పలకలేదు. ఊపిరి పైపైన ఆడుతోంది.

ఇంత పని ఎవరు చేశారని అరిచాను. పోశవ్వ తెల్లబోయి చూసింది.

"నువ్వే గద బిడ్డా వెచ్చగ ఉంచుమన్నవు. రాత్రిసంది కుంపటి ఆరనియ్యలే."

బొగ్గు మీద బతికే ఇంట్లో వెచ్చదనమంటే మరేముంటుంది? మంచం బయటికి తీద్దామంటే ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. ముసురు పడుతోంది, గాలి తగిలితే సన్నిపాత జ్వరం కమ్ముతుందని ఆమె భయం. సరిగ్గా అప్పుడే ఆమె కొడుకు, లచ్చవ్వ భర్త మల్లయ్య షిఫ్ట్ దిగి, ఒంటిమీద బొగ్గు మసితోనే వచ్చాడు. గడపలోనే ఒకసారి గాలి పీల్చి చూశాడు.

"అవ్వా, పక్కకు జరుగు. బాయిల గాలి కరాబైతె మనిషిని ముందుగాల బయటికే గుంజుతం" అన్నాడు. బాయి అంటే వాళ్ల మాటలో గని.

పక్కింటివాళ్లు పట్టగా మంచం వరండాలోకి వచ్చింది. పొట్టమీద ఫీటోస్కోప్ పెట్టాను. మొదట ఏమీ వినిపించలేదు. చోటు మార్చి ఊపిరి బిగబట్టి విన్నాను. దొరికింది. నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై లోపు కొట్టుకోవలసిన గుండె నూట ఎనభై దాటి పరుగెడుతోంది. అదే మంచం మీద ఆసుపత్రికి మోసుకెళ్లారు.

అక్కడున్న ఒకే ఒక్క ఆక్సిజన్ సిలిండర్ ఆమెకే పెట్టారు. మూసిన గదిలో విషంగా మారిన కుంపటి పొగకు తోడు న్యుమోనియా, అంటే ఊపిరితిత్తులకు పట్టిన జ్వరం కూడా మొదలైందని డాక్టరు గారు పెన్సిలిన్ ఇచ్చారు. పెరిగే గర్భం కింద నుంచి నెట్టడం వల్ల తల్లికి ఊపిరి చోటు ముందే తక్కువని, ఫ్లూ ఆ ఉన్న చోటునూ మింగుతుందని చెప్పారు. ఆ జబ్బు బిడ్డదాకా పోవడం అరుదే. కానీ తల్లికి జ్వరం ఎక్కినా, గాలి తగ్గినా దెబ్బ బిడ్డకే. నొప్పులు ముందే రావచ్చు. రెండు రోజులు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, కాస్త తెలివి వచ్చినప్పుడల్లా చెంచాతో ఉప్పు గంజి పోస్తూ ఆ మంచం వదల్లేదు. మూడో రోజు ఆమె పూర్తిగా కళ్లు తెరిచి ఒకటే అడిగింది.

"ఉన్నదా సిస్టరమ్మా?"

ఫీటోస్కోప్ పెట్టి, విని, ఉన్నదన్నాను. ఇద్దరం ఏడ్చాం.

నొప్పులు నెల ముందే వచ్చాయి. ఆడపిల్ల, పిడికెడంత. కాని గట్టిగానే ఏడ్చింది. దూదిలో చుట్టి తల్లి రొమ్ముకు ఆనించి ఉంచాం. అప్పటిదాకా దాచుకున్న మాటను ఆ రోజు పోశవ్వకు చెప్పేశాను. తప్పు నీది కాదవ్వా, సగం మాట చెప్పి పంపిన నాదేనన్నాను. డాక్టరు గారి దగ్గర ఆమె ఒక్క మాట అంటే నా ఉద్యోగం ఉండేది కాదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పినవని పెట్టిన, నిజమే. నువ్వు చూడ వచ్చినవని బతికిండ్రు. గిదే యాది పెట్టుకో బిడ్డా."

తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు గర్భిణులకు ఫ్లూ టీకా ఉంది, మాకప్పుడు లేదు. జ్వరంతో వచ్చిన గర్భిణిని మందిచ్చి పంపాక, మర్నాడు ఆమె ఇంటికి వెళ్లి చూడకుండా నేను ఒక్క రోజూ భోజనానికి కూర్చోలేదు. చదువులో ఎవరూ చెప్పని ఆ పాఠం, తిట్టాల్సిన చోట చెయ్యి పట్టుకుని నేర్పింది పోశవ్వ. నేను బతికున్నన్నాళ్లూ ఆమెకు రుణపడి ఉంటాను.